ఖిల్వత్ గోడ లోపలి తోట

పాతబస్తీలో పెరిగి, ఇప్పుడు నలభై దాటినవాళ్లను కదిపి చూడండి. నిజాంల మహలు చౌమహల్లా అనగానే వాళ్లకు ముందు గుర్తొచ్చేది గోడ. లాడ్ బజార్‌లో గాజుల దుకాణాలు దాటుకుని, మోతీగల్లీ వైపు మళ్లి నడిస్తే వచ్చే పొడవాటి పాత గోడ. లోపల ఏముందో ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవారు. నేలమాళిగల నిండా వెండి ఉందని ఒకరు, గోల్కొండ సొరంగం ఇక్కడికీ కలుస్తుందని ఇంకొకరు. తోట ఉందని మాత్రం ఎవరూ చెప్పిన గుర్తు లేదు. సున్నం, రాయి, ఇరుకు గల్లీలు, సైకిల్ రిక్షాల మధ్య అంత ఖాళీ నేల, అంత నీళ్లు ఉంటాయని ఊహకు అందేది కాదు.

2005లో తలుపులు తెరిచాక జనం లోపలికి వెళ్లారు. వెళ్లి ఏం చూశారు? షాండ్లియర్లు, కత్తులు, పసుపుపచ్చ రోల్స్‌రాయిస్. ఇప్పటికీ అంతే. గేటు దాటగానే హౌజ్ (నీటి కొలను) పక్క నుంచి గబగబా నడిచి దర్బారు హాల్లోకి పోతారు, అరగంటలో కార్ల దగ్గర తేలతారు, ఫోన్ నిండా ఫోటోలతో బయటికొస్తారు. తోటను మెట్ల దాకా పోయే దారి అనుకుంటారు. కానీ ఈ కట్టడం ఎలా పనిచేసేదో అర్థమయ్యేది తోటలోనే. దర్బారుకు మొదటి గది అదే. పైకప్పు లేని గది.

కొంచెం చరిత్ర చెప్పక తప్పదు. 1750 దశకంలో, అప్పటి పాలకుడు సలాబత్ జంగ్ కాలంలో పని మొదలైంది. అప్పటికి ఆసఫ్‌జాహీల, అంటే నిజాంల రాజధాని ఔరంగాబాద్. హైదరాబాద్‌కు మారింది ఆయన తర్వాత వచ్చిన నిజాం అలీ ఖాన్ హయాంలో. ఈరోజు మనం చూసే రూపం చాలామటుకు అయిదో నిజాం అఫ్జలుద్దౌలా ఏలిన 1857–1869 మధ్య పూర్తయింది. అంటే నూరేళ్లకు పైగా కట్టుకుంటూ పోయారు. అందుకే ఒక మూల మొఘల్ వాసన కొడుతుంది, ఒక మూల పర్షియా, ఇంకో మూల యూరప్ స్తంభాలు. ఇరాన్ షా మహలును చూసి కట్టించారని పెద్దలు చెప్పుకునేవారు. మొత్తం 45 ఎకరాలు ఉండేదంటారు. ఇప్పుడు మిగిలింది అందులో మూడో వంతు కూడా కాదు. మిగతా అంతా ఇళ్లూ దుకాణాలూ అయిపోయింది. చుట్టూ గల్లీల్లో తిరిగేటప్పుడు ఒకప్పటి ప్రాంగణంలోనే తిరుగుతున్నామన్న సంగతి చాలామందికి తెలియదు.

ఉత్తర ప్రాంగణం నుంచి మొదలుపెడదాం. మధ్యలో పొడవాటి హౌజ్. దానికి ఒక పక్క బారా ఇమామ్: కమానులున్న గదులు ఒకే వరుసలో, ముందు వసారాతో. కచేరీ పనులన్నీ అక్కడే. హౌజ్‌కు అవతల, అద్దంలో చూసినట్టు అదే కొలతల్లో షీషే ఆలాత్. రాజ్యానికి వచ్చిన పెద్ద అతిథుల వెంట ఉండే అధికారులకు అక్కడ బస. రెండింటికీ తలగడ దగ్గర ఖిల్వత్ ముబారక్, అంటే దర్బారు. ఈ అమరికను కాసేపు నిలబడి చూస్తే లెక్క తెలుస్తుంది. దర్బారుకు వచ్చినవాడు గేటు దగ్గరే నిజాం కొలువును చూడగలడు. కానీ మధ్యలో నీళ్లున్నాయి కాబట్టి తిన్నగా నడవలేడు. పక్క దారి పట్టాలి. పక్క దారి అంటే బారా ఇమామ్ కమానుల ముందు నుంచి, గుమాస్తాల కళ్ల ముందు నుంచి నడవడం. నడుస్తున్నంతసేపూ ఎవరు వచ్చారు, ఎవరి వెంట ఎవరున్నారు, తల మీద దస్తార్ (తలపాగా) సరిగా ఉందా, నడుముకు బగ్లూస్ (నడికట్టు) కట్టుకున్నాడా లేదా అన్నది ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. దస్తార్, బగ్లూస్ లేకుండా దర్బారులో అడుగుపెట్టే ఆచారం లేదు. చేతిలో నజరానా (కానుక) ఉండాలి, అష్రఫీ అనే బంగారు నాణెం, నిజాం నాణేలైన హాలీ రూపాయలు. అందంగా వేసిన నీటి కొలనే కాపలా పని కూడా చేసిందన్నమాట.

ఇది గమనించాలంటే ఒకటే కిటుకు. ముందు షీషే ఆలాత్ వైపు నుంచి నడిచి మెట్ల దాకా వెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు బారా ఇమామ్ వైపు నుంచి రండి. ఒక్కో కమాను దగ్గర ఆగి హౌజ్ వైపు చూడండి. ప్రతి కమానులోంచీ అవతలి వరుసలోని కమాను ఒకటి సరిగ్గా ఎదురుగా కనిపిస్తుంది. ఇది యాదృచ్ఛికం కాదు, మేస్త్రీ తాడు పట్టి లాగిన గీత.

హౌజ్ గురించి ఇంకొంచెం. ఇలాంటి తోటల్లో నీళ్లు చేసే పనులు మూడు. చల్లదనం, అద్దం, చప్పుడు. హైదరాబాద్ ఎండాకాలం పొడి గాలి కాబట్టి నీటి మీదుగా వచ్చిన గాలి వసారాలోకి చేరేసరికి తేడా తెలుస్తుంది. ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం పచ్చిక మీద నిలబడి, వెంటనే బారా ఇమామ్ కమాను కిందికి పోయి చూస్తే ఒంటికే అర్థమవుతుంది. అదే ఆగస్టులో గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు ఈ చల్లదనం పనిచేయదు. ఉక్కపోత ఇంకాస్త పెరుగుతుంది కూడా. అద్దం సంగతి వేరు. ఫౌంటెన్లు ఆగి ఉంటేనే ఖిల్వత్ నీడ నీళ్లలో నిలబడుతుంది. ఫౌంటెన్లు నడిస్తే నీడ ముక్కలైపోతుంది. ఫోటోల కోసం వచ్చినవాళ్లు ఫౌంటెన్లు వేయమని అడుగుతుంటారు గానీ, నిజానికి వాళ్లకు కావలసింది అవి ఆగిన పది నిమిషాలు. ఇక చప్పుడు. పక్కనున్నవాడు మాట్లాడింది మూడోవాడికి వినపడకుండా చేయడానికి పారే నీటిని మించింది లేదు. దర్బారుల్లో ఆ అవసరం ఎంతుంటుందో చెప్పక్కర్లేదు.

కరెంటు మోటార్లు లేని రోజుల్లో ఫౌంటెన్ చిమ్మాలంటే ఎత్తులో నీటి తొట్టి ఉండాల్సిందే. అక్కడి నుంచి మట్టి గొట్టాలో రాగి గొట్టాలో నేల కింద నుంచి వేసేవారు. తొట్టి ఎత్తుకు మించి నీళ్లు పైకి లేవవు. గొట్టం గోడల రాపిడిలో కొంత, మూతి దగ్గర కొంత పోతుంది కాబట్టి ఇంకాస్త తక్కువే లేస్తాయి. అందుకే పాత తోటల ఫౌంటెన్లు చాలావరకు మరీ ఎత్తుకు చిమ్మేవి కావు. ఆ కొలతే ఆ తోటలకు సరిపోతుంది. ఇప్పుడు మోటారు పెట్టి ఆకాశానికి కొట్టిస్తే చూడ్డానికి పెళ్లి పందిరిలా తయారవుతుంది. మన నగరం బోరు నీళ్లలో సున్నం పాలు ఎక్కువ. ఫౌంటెన్ మూతులకు తెల్లటి పొక్కు కట్టి మూసుకుపోతాయి. నాలుగు మూతులు ఒక ఎత్తులో, అయిదోది వంకరగా చిమ్ముతుంటే కారణం అదే. విప్పి పులుపు నీళ్లలో నానబెట్టి శుభ్రం చేయాలి, సూదితో పొడిస్తే బెజ్జం పాడవుతుంది. నిలవ నీటికి పాచి, దోమల బెడద ఎలాగూ ఉంది. గంబూసియా చేపల్ని వదలడం మన దగ్గర తెలిసిన ఉపాయమే. అయితే వాటికి జనం బిస్కెట్లు వేయడం మొదలుపెడితే నీళ్లు మళ్లీ పచ్చబడతాయి.

ఖిల్వత్ మెట్లెక్కితే దర్బారు. స్తంభాల మధ్య పాలరాతి వేదిక, తఖ్తె నిషాన్. పైన 19 షాండ్లియర్లు, బెల్జియం స్ఫటికం. వీటి గురించి అందరూ రాసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. రెండు ముక్కలు మాత్రం. ఒకటి, ఫోన్‌తో ఫోటో తీసేటప్పుడు తెర మీద షాండ్లియర్‌ను వేలితో నొక్కి వెలుతురు తగ్గించండి. లేకపోతే దీపాలన్నీ తెల్లటి ముద్దలై, గాజు ముక్కల అంచులు ఒక్కటీ కనబడవు. రెండు, వేదిక ముందు గుంపులో నిలబడి చూడకుండా హాలు ఒక చివరికి, స్తంభం దగ్గరికి పొండి. షాండ్లియర్లు వరుసల్లో ఒకదాని వెనక ఒకటి ఎలా ఒదుగుతాయో అక్కడి నుంచే తెలుస్తుంది. ఇలాంటివాటిని శుభ్రం చేయడం మాత్రం మామూలు పని కాదు. వేలాడే ప్రతి ముక్కకూ అంకె వేసి విప్పాలి, గోరువెచ్చటి నీళ్లలో కడగాలి, మెత్తటి గుడ్డతో తడి లేకుండా తుడవాలి, మళ్లీ అదే అంకె ప్రకారం తగిలించాలి. కింద నుంచి మందు చిమ్మి తుడిచేద్దామనుకుంటే ఆ తడి ఇత్తడి కొక్కేల్లోకి, తీగల్లోకి దిగుతుంది. చిలుము పట్టిన తీగ ఒకరోజు తెగుతుంది. అంత ఎత్తు నుంచి పడ్డ గాజు ముక్కకు జోడీ ఎక్కడ వెతుకుతాం?

పైకి చూడమని అందరికీ ఎవరో ఒకరు చెబుతారు. గోడ వైపు చూడమని చెప్పేవాళ్లు తక్కువ. చౌమహల్లాలో అసలు పనితనం గచ్చులో ఉంది. కమానుల మీద తీగలు, ఆకులు, పూలు, స్తంభాల తలల మీద చెక్కినట్టున్న అల్లికలు చూసి చాలామంది రాయి అనుకుంటారు. రాయి కాదు, డంగు సున్నం.

ఈ డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీలు మన దగ్గర ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. బట్టీలో కాల్చిన సున్నపురాయిని ముందు నీళ్లు పోసి చల్లార్చాలి. అది కుతకుతా ఉడుకుతుంది, దగ్గర నిలబడకూడదు. చల్లారిన సున్నాన్ని గుంటలో నీటి కింద కొన్ని వారాలు ఊరనివ్వాలి. ఎంత ఊరితే అంత వెన్నలా వస్తుంది. ఊరని గుళిక ఒక్కటి పూతలో మిగిలినా, తర్వాత ఎప్పుడో తేమ తగిలి అది ఉబ్బి, గోడ మీద శనగగింజంత పొక్కు లేచి రాలిపోతుంది. పాత గోడల మీద చిన్న చిన్న గుండ్రటి గుంటలు కనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే. ఊరిన సున్నం ఒక పాలు, జల్లెడ పట్టిన ఇసుక రెండు నుంచి మూడు పాళ్లు కలిపి గానుగలో వేస్తారు. నేలలో గుండ్రటి గాడి, అందులో రాతి చక్రం, లాగడానికి ఎద్దులు. అలా గంటల తరబడి నూరాలి. నూరేటప్పుడు కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోస్తారు. బెల్లం పూతకు జిగురునిస్తుంది, పనివాడి చేతికి సాగేలా చేస్తుంది. అది శృతి మించితే పూత గట్టిపడదు, గోరుతో గీకితే ఊడొస్తుంది. కొలత పుస్తకంలో ఉండదు, తాపీ మీదికి తీసి వంచితే జారకుండా నిలబడాలి, అదీ లెక్క.

గోడకు ఒక్కసారే మందంగా కొట్టరు. మొదటి పూత ముతక, రెండోది కొంచెం సన్నం, చివరిది రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ చివరి పూతలో ఇసుకకు బదులు పాలరాతి పొడి, కొన్నిచోట్ల గుడ్డు తెల్లసొన వాడేవారు. పచ్చిగా ఉండగానే నున్నటి రాయితో రుద్ది రుద్ది మెరుగు తెస్తారు. అలా మెరుగు పెట్టిన గోడ చేత్తో తాకితే చల్లగా, పాలరాయిలా ఉంటుంది. పూలూ తీగలూ కూడా పచ్చి మీదే రావాలి. ముందు ముతక సున్నంతో ఉబ్బెత్తుగా ముద్ద పెట్టి, పైన సన్న సున్నం వేసి, చిన్న కత్తితో, పుల్లతో కోస్తారు. ఒకే పువ్వు పదిచోట్ల రావాలంటే అచ్చు వాడతారు. చేత్తో కోసిందా, అచ్చుతో వేసిందా తెలుసుకోవడం తేలికే. వరుసగా నాలుగు పూలు చూడండి. రేకుల అంచులు నాలుగింటిలోనూ ఒకేలా ఉంటే అచ్చు. ఒక్కో దాంట్లో ఒక్కో వంపు తిరిగితే చేతి పని.

సున్నం ఎండడం కాదు ముఖ్యం, గట్టిపడడం. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి మళ్లీ రాయిగా మారుతుంది. అందుకే కొట్టిన తర్వాత వారం పది రోజులు తడి గోనె పట్టాలు కప్పి ఉంచాలి. మే నెల ఎండలో ఈ పని పెట్టుకుంటే పైన చర్మం ఎండి, లోపల పచ్చిగా ఉండి, బీటలు వారుతుంది. వానల్లో పెట్టుకుంటే కొట్టుకుపోతుంది. దసరా నుంచి సంక్రాంతి మధ్య రోజులు మేలు.

ఇంత కష్టం ఎందుకు, సిమెంటు కొట్టేస్తే పోదా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పోతుంది, నిజంగానే గోడ పోతుంది. పాత గోడకు పునాదిలో తేమ అడ్డుకునే పొర ఉండదు. నేల తేమ పైకి పాకి, సున్నం పూతలోంచి గాలికి పోతూ ఉంటుంది. దాని మీద సిమెంటు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ లోపలే తిరిగి, వెంట తెచ్చిన ఉప్పు సిమెంటు వెనక గడ్డకట్టి, రెండు మూడు వానాకాలాల్లో పెచ్చులు పెచ్చులుగా తోసేస్తుంది. పోతూ పోతూ సిమెంటు తన వెంట పాత గచ్చునూ పీక్కుపోతుంది. పైన ప్లాస్టిక్ రంగు కొట్టినా కథ ఇదే. పాతబస్తీ దేవిడీల్లో, అంటే నవాబుల పాత భవంతుల్లో చాలా ఇలా పోయినవే. వేలి కణుపుతో గోడ మీద తట్టి చూస్తే తెలిసిపోతుంది, బతికున్న గచ్చు గట్టిగా పలుకుతుంది, విడిపోయింది డొల్ల శబ్దం చేస్తుంది. చౌమహల్లాలో మాత్రం తట్టకండి. తట్టడం కాపలావాళ్లకు నచ్చదు, నచ్చకపోవడం న్యాయమే. మీ ఇంటి పాత గోడ మీద తట్టి నేర్చుకోండి.

మరమ్మతు జరగకముందు ఇక్కడి పరిస్థితి ఏమిటో కొంచెం చెప్పాలి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కినా ఇక్కడ కాపురం ఉండలేదు. ఆయన మకాం కింగ్ కోఠీ. చౌమహల్లా దర్బార్లకు, వేడుకలకే మిగిలింది. 1967 ఫిబ్రవరిలో ఆయన పోయాక, ఏప్రిల్‌లో మనవడు ముకర్రం జా పట్టాభిషేకం ఈ ఖిల్వత్‌లోనే జరిగింది. అప్పటికి రాజ్యం లేదు, కొలువు మాత్రం జరిగింది. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. పన్నులు, వారసుల వ్యాజ్యాలు ముసురుకున్నాయి. ముకర్రం జా ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల క్షేత్రం పెట్టుకున్నారు. ఇక్కడ తాళాలు, ధూళి, గోడల మీద రావి మొలకలు. రావి మొలకను చిన్నప్పుడే పీకకపోతే వేరు గచ్చు కిందకు, అక్కడి నుంచి ఇటుకల మధ్యకు పోతుంది. పైన కోస్తే ఊరుకోదు, వేరు లావెక్కుతూ కమాను రాళ్లను విడదీస్తుంది.

ఆయన మొదటి భార్య ప్రిన్సెస్ ఎస్రా తిరిగి వచ్చి పూనుకోవడంతో 2000 తర్వాత పని మొదలైంది. వాస్తుశిల్పి రాహుల్ మెహ్రోత్రా పర్యవేక్షించారు. పాత కట్టడం ఏదైనా సరే, పని పైకప్పుతో మొదలుపెట్టాలి. పైనుంచి నీరు కారుతుండగా కింద గచ్చు బాగుచేయడం డబ్బును హౌజ్‌లో పోయడమే. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో చౌమహల్లాకు గుర్తింపు దక్కింది. నగరంలో ఎన్నో కట్టడాలు కూలుతుంటే చూసినవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

ఖిల్వత్ దాటి లోపలికి పోతే దక్షిణ ప్రాంగణం. ఇది అన్నిటికన్నా పాత భాగం. అఫ్జల్ మహల్, మహతాబ్ మహల్, తహనియత్ మహల్, ఆఫ్తాబ్ మహల్ ఒక నీటి కొలను చుట్టూ ఎదురెదురుగా కూర్చుని ఉంటాయి. ఇక్కడ రద్దీ పలచబడుతుంది. నా లెక్కలో చౌమహల్లాకు వచ్చి ఇక్కడ ముప్పావుగంట కూర్చోనివాళ్లు టికెట్ డబ్బులు సగం వదులుకున్నట్టే. ఉత్తర ప్రాంగణం పదిమందికి చూపించుకోవడానికి కట్టింది, అందుకే అక్కడ అంతా తిన్నని గీతలు, పెద్ద దూరాలు. ఇక్కడ దూరాలు తగ్గుతాయి. ఒక మహలు మెట్ల మీద కూర్చుంటే ఎదుటి మహలు గుమ్మంలో మనిషి ముఖం పోల్చుకోవచ్చు. యూరప్ తరహా స్తంభాలు, కొన్ని పెద్ద మహళ్లకు రెండంతస్తులు. కానీ మధ్యలో ప్రాంగణం, నీళ్లు, చుట్టూ గదులు అన్న లెక్క మాత్రం మన మండువా లోగిలికి దూరం కాదు. ఎవరి ఇంటి పెరడు వాళ్లకు తెలిసిన తెలుగువాళ్లకు ఈ ప్రాంగణం వెంటనే పరిచయమైపోయేది అందుకే కావచ్చు.

పచ్చిక విషయంలో ఒక మాట. ఇప్పుడు రెండు ప్రాంగణాల్లోనూ కత్తిరించిన గడ్డే ఎక్కువ. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, ఫోటోలో బాగా వస్తుంది, కాదనను. కానీ చార్‌బాగ్ పద్ధతి తోటల్లో, అంటే నాలుగు భాగాలుగా వేసే మొఘల్ తరహా తోటల్లో పెద్దపీట గడ్డిది కాదు. నీళ్లు, నడక దారులు, మధ్య మడుల్లో వాసన పూలు, పండ్ల చెట్లు. మల్లె, గులాబీ, దానిమ్మ, నారింజ లాంటివి. దారి మడి కంటే కొంచెం ఎత్తులో ఉంటుంది, నడిచేవాడి మోకాలి దగ్గరికి పూలు వచ్చేలా. గడ్డి తివాచీ తెల్లదొరల రుచి. హైదరాబాద్ ఎండలో దాన్ని పచ్చగా ఉంచాలంటే వేసవిలో రోజూ నీళ్లు కావాలి, లోటు పడ్డ వారంలోనే పసుపెక్కి మచ్చలు తేలుతుంది. ఒక్క మడిలోనైనా పాత పద్ధతిలో నాటి చూపిస్తే బాగుండునని ఎప్పుడూ అనిపిస్తుంది. వానలు పడ్డ తర్వాత, జూలై చివర నుంచి, గడ్డి కూడా తన పని తాను చక్కగా చేస్తుంది. తోట కోసం వచ్చేవాళ్లకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా రోజులే మంచివి.

ప్రధాన ద్వారం మీద ఖిల్వత్ గడియారం. మరచిపోకుండా పైకి చూడండి. కీ ఇచ్చి నడిపే పాత యంత్రం. గడియారాల పని తెలిసిన ఒక కుటుంబం వాళ్లు వారానికొకసారి వచ్చి కీ ఇస్తారు. ఇలాంటి పాత గడియారాల్లో బరువులు వారమంతా కొద్దికొద్దిగా కిందికి దిగుతూ ముళ్లను తిప్పుతాయి. అవి నేలకు ఆనేలోపు మళ్లీ పైకి చుట్టాలి. ఒకసారి మరిస్తే ఆగిపోతుంది. ఆగినదాన్ని కదిలించేటప్పుడు ముల్లును వెనక్కి తిప్పితే గంట కొట్టే లెక్క తప్పుతుంది. అందుకే ముందుకే తిప్పి, ప్రతి గంటనూ పూర్తిగా కొట్టనిచ్చి సరిచేస్తారు.

బగ్గీలూ కార్లూ పిల్లలున్నవాళ్లకు తప్పదు. 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ అక్కడే ఉంది, ఊరేగింపులకు వాడిన బండి. అద్దం వెనక నుంచి చూడటమే కాబట్టి ఫోన్‌ను అద్దానికి ఆనించి ఫోటో తీస్తే మీ నీడ పడదు.

వెళ్లేవాళ్లకు కొన్ని పనికొచ్చే సంగతులు. శుక్రవారం సెలవు. ఇది తెలియక దూరం నుంచి వచ్చి గేటు దగ్గర నిలబడిపోయేవాళ్లు ప్రతి వారం కనిపిస్తారు. మిగతా రోజుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా. టికెట్ ధరలు మారుతుంటాయి కాబట్టి ఇక్కడ రాయను. కనీసం రెండున్నర గంటలు పెట్టుకోండి, తోటలో కూర్చునే అలవాటు ఉంటే మూడు. పదింటికే లోపలికి పోతే మొదటి గంట ప్రశాంతంగా ఉంటుంది, పదకొండు తర్వాత బడిపిల్లల బస్సులు వస్తాయి. సాయంత్రం వెలుతురు గచ్చు మీద ఏటవాలుగా పడి చెక్కుడు నీడలు తేలుతాయి. కాబట్టి పనితనం చూడాలనుకునేవాళ్లు రెండున్నరకు లోపలికి పోవడమే మేలు. నాలుగున్నర నుంచే గదులు మూయడం మొదలవుతుంది, లోపలివి ముందు చూసేసి తోటను ఆఖరుకు ఉంచుకోండి. పెద్దవాళ్లను తీసుకెళితే నీడ బల్లలు ఎక్కడున్నాయో ముందే చూసి పెట్టుకోవాలి. ప్రాంగణాలు పెద్దవి, ఎండలో రాతి దారులు కాలతాయి.

బండి వేసుకుని పోవద్దు. చార్మినార్ చుట్టుపక్కల వాహనాల్ని రానివ్వరు, గల్లీల్లో ఇరుక్కుంటే అంతే సంగతులు. మెట్రోలో ఎంజీబీఎస్ స్టేషన్ దాకా వచ్చి అక్కడ ఆటో మాట్లాడుకోవడం సుఖం. రంజాన్ నెలలో సాయంత్రాలు లాడ్ బజార్‌లో కాలు పెట్టే చోటుండదు. ఆ నెలలో వెళితే ఉదయమే ముగించుకోవాలి. బయటికొచ్చాక మక్కా మసీదు పక్కనే ఉంది. రెండో నిజాం నుంచి ఆరో నిజాం దాకా సమాధులు అక్కడి వరండాలో ఉన్నాయి. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో పోయిన ముకర్రం జా భౌతికకాయాన్ని తెచ్చి జనం చూడటానికి ఈ ఖిల్వత్‌లోనే ఉంచారు, తర్వాత ఆ వరుసలోనే ఖననం చేశారు. తోట, దర్బారు చూసినవాళ్లు ఆ వరండా కూడా చూస్తే కథ ఒక కొలిక్కి వస్తుంది.

తిరుగు దారి ఎలాగూ లాడ్ బజార్ మీదుగానే. ఇంట్లోవాళ్లకు లక్క గాజులు తీసుకునేటట్టయితే కొలత తెలుసుకుని వెళ్లండి. రెండు నాలుగు అంటే లోపలి వ్యాసం రెండుంపావు అంగుళాలు, రెండు ఆరు అంటే దానికన్నా అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ. లక్క గాజు లోహపు గాజులా సాగదు, బిగుతుగా ఉంటే ఎక్కించేటప్పుడు అద్దాలు ఊడతాయి. అనుమానముంటే ఒక సైజు పెద్దదే తీసుకోండి. చెప్పిన ధరకు సగం నుంచి బేరం మొదలుపెట్టండి, కొనేముందు జోడీ మొత్తం వెలుతురులో తిప్పి చూసుకోండి. ఎండలో పెట్టిన కారు డాష్‌బోర్డు మీద మాత్రం వదిలేయకండి, లక్క మెత్తబడి రాళ్లు జారిపోతాయి.